బెంగళూరులో ఫోటోబుక్ చేయిస్తున్నారా? మధ్య మడత చూడండి, తెలుగు అక్షరం చూడండి

ఫోటోబుక్ అనగానే అందరూ పేజీకి ఎంత అని అడుగుతారు. అంతకన్నా ముందు బైండింగ్ సంగతి అడగాలి. మామూలు గమ్ము బైండింగ్‌లో పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, పేజీ లోపలి అంచు మడతలోకి పోతుంది. పీటల మీద కూర్చున్న జంట ఫోటోను రెండు పేజీలకీ పరిస్తే తలంబ్రాల చేతులు సగం మాయమవుతాయి. లే ఫ్లాట్ అయితే పేజీలు బల్లపరుపుగా తెరుచుకుంటాయి. అందులోనూ మధ్యలో సన్నటి గీత ఉంటుంది కాబట్టి ముఖాలు అక్కడికి రాకూడదు. పెళ్లికి లే ఫ్లాటే చేయించండి. అన్నప్రాశనకో, మొదటి పుట్టినరోజుకో మామూలు బైండింగ్ చాలు.

వెబ్‌సైట్లో మనమే పేజీలు పేర్చుకునే సర్వీసులు చిన్న పుస్తకాలకు బాగుంటాయి. పెళ్లి ఆల్బమ్‌కు మాత్రం డిజైనర్ పక్కన కూర్చుని చేయించుకునే ల్యాబ్ నయం. 2007లో బెంగళూరులోనే మొదలైన ఫోటోబుక్ కంపెనీ కాన్వెరా పెరిగింది ఫోటోగ్రాఫర్ల ద్వారానే. అలాంటివాటికి మీ పెళ్లి ఫోటోగ్రాఫర్‌నే కదపాలి.

ఇక ఈ ఊళ్లో మనవాళ్లకు అసలు తంటా తెలుగు రాతతో. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగ్ పెట్టకపోతే ఒత్తులు కుదరవు, ‘శ్రీరస్తు’ కాస్తా ‘శ్‌రీరస్‌తు’ అయి కూర్చుంటుంది. పాత డీటీపీ పద్ధతి అను ఫాంట్లలో కొట్టిన మాటర్‌ను నేరుగా ఇప్పటి యూనికోడ్ ఫాంట్‌లోకి మారిస్తే చెత్త గుర్తులొస్తాయి. కన్నడ డిజైనర్‌కు మన లిపి పరిచయంగానే కనిపిస్తుంది, తప్పు మాత్రం పట్టుబడదు. అందుకని తెలుగు వాక్యాలను ఇంట్లోనే పెద్ద సైజులో, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మలుగా చేసి ఇవ్వండి. అచ్చుకు ముందు సరిచూసుకోడానికి ఇచ్చే ప్రూఫ్ పీడీఎఫ్‌ను 200 శాతానికి పెంచి, పేర్లూ తిథీ అక్షరం అక్షరం చదవండి. ప్రూఫ్ చూపించం అనే సర్వీసు జోలికి పోవద్దు.

ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గానో, డ్రైవ్ లింకుగానో పంపండి. 12×12 అంగుళాల పేజీ నిండా వేయాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున 3600×3600 పిక్సెల్స్ కావాలి. 1600 పిక్సెల్స్ వెడల్పున్న ఫోటోను 5 అంగుళాలు దాటించకండి. 12×36 అంగుళాల షీటు (తెరిచిన రెండు పేజీలు) మొత్తానికి 6000 పిక్సెల్స్ వెడల్పు ఫోటో వేస్తే సుమారు 167 డీపీఐ వస్తుంది. చేతి దూరంలో చూడ్డానికి ఫరవాలేదు. అంచున 3 మిల్లీమీటర్లు కటింగ్‌లో పోతాయని గుర్తుంచుకోండి.

రాత్రి రిసెప్షన్ ఫోటోలు ఫోన్ వెలుగులో కనిపించినంత కళగా అచ్చులో రావు, నల్లగా దిగిపోతాయి. పసుపు బట్టలు, జరీ కూడా వెలిసినట్టుంటాయి. అందుకే చీకటి ఫోటో ఒకటి, పసుపు చీర ఫోటో ఒకటి ముందుగా అదే కాగితం మీద ప్రింట్ తీయించండి. ముఖాల రంగు చూసి, కాస్త వెలుగు పెంచమనండి.

పుస్తకం చేతికి రాగానే మొదటి, చివరి షీట్లు అట్టకు సరిగా అతికాయో లేదో చూడండి, ఊడేది ముందు అక్కడే. తప్పు వాళ్లదైతే ఉచితంగా మళ్లీ ప్రింట్ చేస్తారా, ఎన్ని రోజుల్లోపు చెప్పాలి అన్నది డబ్బు కట్టకముందే మెసేజ్‌లో రాయించుకోండి.