నెమ్మదైన గేమ్ పాటకి ఏ పాత చిప్ మేలు? ఎన్ఈఎస్, గేమ్‌బాయ్, సిడ్, మెగా డ్రైవ్

డాంకీ కాంగ్ కంట్రీలో నీళ్ళలో ఈదే లెవెల్స్ ఉంటాయి కదా, అక్కడొచ్చే ఆక్వాటిక్ ఆంబియన్స్ అంటే నాకు ప్రాణం. డేవిడ్ వైజ్ 1994లో సూపర్ నింటెండో కోసం చేసిన పాట. ఆ మెషిన్‌లో 8 ఛానల్స్ (ఒకేసారి పలికే గొంతులు), సౌండ్‌కి 64 కేబీ మెమరీ, చిప్‌లోనే ఎకో ఉండేవి. అదే పాటని ఇంకా పాత చిప్‌ల మీద వాయించాలంటే ఏది తీసుకోవాలి? ఫర్నేస్ ట్రాకర్‌లో (పాత చిప్‌ల శబ్దంతో, స్వరాలని వరసలు వరసలుగా రాసి పాట కట్టే ప్రోగ్రామ్) నాలుగు చిప్‌ల మీదా చేసి చూశా. నాకు అర్థమైంది ఏంటంటే ఇలాంటి పాటకి ఛానల్స్ ఎన్నున్నాయి అన్నదానికంటే స్వరం ఎలా ఆరిపోతుంది అన్నదే ముఖ్యం. వీణ తీగ మీటి వదిలేస్తే శబ్దం సన్నబడుతూ సన్నబడుతూ ఎక్కడ ఆగిందో తెలీకుండా ఆగుతుంది చూడండి, ఆ పని ఏ చిప్ చేయగలదు అన్నదే నా లెక్క.

ముందు ఎన్ఈఎస్, అంటే సూపర్ నింటెండోకి ముందటి నింటెండో టీవీ గేమ్ మెషిన్. దీని శబ్దాన్ని మనలో చాలామంది అసలు మెషిన్‌లో కాదు, 90లలో దొరికిన నకలు టీవీ గేమ్‌లలో విన్నాం. వాటిలో కొన్నిట్లో పల్స్ (చతురస్రంలా ఉండే అల) 25, 50 శాతం డ్యూటీలు, అంటే అల ఎంతసేపు పైన ఉండాలన్న సెట్టింగ్‌లు, తారుమారై ఉండేవి, అందుకే అసలుది వింటే ఒక్కోసారి కొత్తగా అనిపిస్తుంది. సరే, ఇందులో రెండు పల్స్, ఒక ట్రయాంగిల్ (త్రికోణపు అల), ఒక నాయిస్ (బుస్సుమనే శబ్దం), ఒక శాంపిల్ (రికార్డు చేసిన శబ్దం) ఛానల్ ఉంటాయి, మెత్తగా పలికేది మాత్రం ట్రయాంగిల్ ఒక్కటే. దానికి చూస్తే వాల్యూమ్ కంట్రోలే లేదు! మోగితే పూర్తిగా మోగుతుంది, లేకపోతే లేదు. మెలడీ దానికిచ్చి చూశా, మొదటి స్వరం పిల్లనగ్రోవిలా భలే పలికింది, తీరా చరణం చివరకొచ్చేసరికి ఎవరో తలుపేసినట్టు టక్కున ఆగిపోయింది. దాంతో మెలడీని మొదటి పల్స్‌కి మార్చి వాల్యూమ్‌ని 9, 7, 5, 4, 3 అని దించుకుంటూ వచ్చి, రెండో పల్స్‌లో అదే మెలడీని మూడు వరసలు ఆలస్యంగా, చాలా తక్కువ వాల్యూమ్‌లో పెట్టా. ఎకో వచ్చింది, నిజంగా బావుంది, కానీ ఇక కార్డ్స్‌కి (కలిసి పలికే స్వరాలకి) చోటేది? ఒకే ఛానల్‌లో మూడు స్వరాలని గబగబా తిప్పే ఆర్పెజియో పెడితే తుమ్మెద రొదలా తయారై ఆ ప్రశాంతత మొత్తం పోయింది. పైగా పల్స్‌కున్న వాల్యూమ్ మెట్లు 16 మాత్రమే, నెమ్మదిగా తగ్గిస్తుంటే ఒక్కో మెట్టు దిగడం చెవికి తెలిసిపోతుంది.

గేమ్‌బాయ్ ఇంకొంచెం నయం. 32 పాయింట్లతో మనమే గీసుకునే వేవ్ ఛానల్ ఉంది, గుండ్రంగా గీస్తే మెత్తగానే పలుకుతుంది, కాకపోతే దాని వాల్యూమ్ ఫుల్, సగం, పావు, మ్యూట్ అంతే. దీనికున్న వరం స్టీరియో. మెలడీని ఎడమకి, ఎకోని కుడికి పెట్టి ఇయర్‌ఫోన్స్‌లో వినండి, నీళ్ళు రెండువైపులా పరుచుకున్నట్టుంటుంది.

కమడోర్ 64 కంప్యూటర్‌లోని సౌండ్ చిప్ సిడ్ 1982 నాటిది, అంటే ఈ నలుగురిలో పెద్దది, అయినా ఆరిపోవడం అన్న విద్య దీనికి పుట్టుకతోనే వచ్చింది. ఎన్వలప్‌లో (స్వరం ఎలా పుట్టి ఎలా ఆరాలో చెప్పే సెట్టింగ్) రిలీజ్, అంటే ఆరిపోయే సమయం, 24 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు, పదునైన పై శబ్దాలని ఆపే లో పాస్ ఫిల్టర్ కూడా ఉంది, దాన్ని మెల్లగా మూస్తుంటే శబ్దం నీళ్ళలోకి మునిగిపోతున్నట్టే ఉంటుంది. ఇబ్బందల్లా గొంతులు మూడే కావడం, అదీ మోనో. బేస్‌కి ఒకటి, మెలడీకి ఒకటి పోతే మిగిలిన ఒక్కదానితో ఆ వెడల్పాటి ప్యాడ్ (వెనకాల నిలిచి పలికే కార్డ్స్ పొర) ఎలా పరుస్తాం? ఇంకోటి, పాత 6581 మోడల్‌లో ఫిల్టర్ ఒక చిప్‌లో ఉన్నట్టు ఇంకో చిప్‌లో ఉండదు, కాబట్టి మీరు ఎంతో ఓపిగ్గా సెట్ చేసింది వేరేవాళ్ళ మెషిన్‌లో మూగబోవచ్చు.

ఇక సెగా మెగా డ్రైవ్, అందులోని చిప్ వైఎం2612. ఇది పనిచేసేది ఎఫ్ఎం పద్ధతిలో, అంటే ఒక అలతో ఇంకో అలని కదిలించి శబ్దం పుట్టిస్తుంది. ఎఫ్ఎం అనగానే కరకరలాడే బేస్, లోహం మోగినట్టుండే లీడ్స్ గుర్తొస్తాయి గానీ ఎఫ్ఎంకి మూలం సైన్ వేవే, అంతకంటే మెత్తనిది ఏముంటుంది చెప్పండి. 6 ఛానల్స్, ఒక్కోదానికి 4 ఆపరేటర్లు (అలలు పుట్టించే భాగాలు). ప్యాడ్ కోసం నేను అల్గారిథమ్ 4 తీసుకున్నా, అంటే ఆపరేటర్లు రెండేసి చొప్పున రెండు జతలుగా పనిచేస్తాయి, జతలో మాడ్యులేటర్ అనేది రెండోదాన్ని కదిలిస్తుంది. ఒక జతని కాస్త డీట్యూన్ చేసి (శ్రుతి కొద్దిగా తప్పించి), అటాక్ (స్వరం మొదలయ్యే వేగం) బాగా నెమ్మది చేసి, మాడ్యులేటర్ల బలాన్ని చెప్పే టోటల్ లెవెల్‌ని 40 దగ్గర పెట్టా. ఇక్కడ నంబర్ పెరిగేకొద్దీ ప్రభావం తగ్గుతుంది, మొదట్లో తికమక పడతారు, జాగ్రత్త. మాడ్యులేటర్ మెల్లగా తెరుచుకునేలా చేస్తే స్వరం పుట్టాక ఒక్క క్షణానికి లోపలినుంచి బుడగలా ఒక మెరుపు పైకొస్తుంది. అది వినపడ్డ రాత్రి నేను ఇంకే ఛానలూ కలపకుండా ఆ ఒక్క కార్డ్‌నే చాలాసేపు వింటూ కూర్చున్నా. మూడు ఛానల్స్ ప్యాడ్‌కి, ఒకటి బేస్‌కి, ఒకటి మెలడీకి, ఒకటి ఎకోకి, సరిగ్గా సరిపోయాయి. లోపం లేదా అంటే ఉంది, తొలి మెషిన్లలోని చిప్‌లో శబ్దం బాగా తగ్గినప్పుడు కొంచెం గరగర వస్తుంది, మనకి కావాల్సిన ఆ చివరి తోక దగ్గరే వస్తుంది మరి. తర్వాత వచ్చిన వైఎం3438లో అది బాగా తక్కువ, ఫర్నేస్ సెట్టింగ్స్‌లో దాన్ని ఎంచుకుంటే సరి.

అందుకే ఈ పాటకైతే నా ఓటు మెగా డ్రైవ్‌కే. కార్డ్స్ పెద్దగా లేకుండా కింద శ్రుతి, పైన ఒక్క గొంతు ఉండే పాటైతే మాత్రం ఆలోచించకుండా సిడ్ తీసుకోండి. లేదు, ఎన్ఈఎస్ మీదే చేయాలనుంటే కోనామి వీఆర్‌సీ6 ఎక్స్‌పాన్షన్ (అదనపు సౌండ్ చిప్) జోడించుకుంటే ఇంకో రెండు పల్స్, ఒక సా వేవ్ (రంపపు పళ్ళలాంటి అల) వస్తాయి, అప్పుడు ఎకోని తీసేయకుండానే కార్డ్స్‌కి చోటు దొరుకుతుంది.