సీపీవీసీ మర ఫిట్టింగులు: ప్లాస్టిక్‌ది ఎక్కడ చాలు, ఇత్తడిది ఎక్కడ తప్పదు

బాత్రూం గోడకు చెమ్మ పట్టిందని టైలు పగలగొట్టి చూస్తే చాలాసార్లు పైపు బాగానే ఉంటుంది, సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) రాసిన జాయింటూ బాగానే ఉంటుంది. కుళాయి బిగించిన చోట ఫిట్టింగు మాత్రం నిలువునా చీలి కనిపిస్తుంది. దీనికి నీళ్ల ప్రెజరును తప్పుపట్టి లాభం లేదు. పది మీటర్ల ఎత్తులో ట్యాంకు ఉంటే కింద పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కేజీ మాత్రమే. ఎస్‌డీఆర్ 11 (బయటి వ్యాసం గోడ మందానికి 11 రెట్లు) సీపీవీసీ పైపు, అంటే వేడినీళ్లకూ పనికొచ్చే ప్లాస్టిక్ పైపు, మామూలు చల్లటి నీళ్లకు 28 కేజీల దాకా, 82 డిగ్రీల వేడినీళ్లకు 7 కేజీల దాకా తట్టుకునేలా తయారవుతుంది. చీల్చేది పాన.

మేల్ మర, అంటే బయటి వైపు కోసిన మర, చివర సన్నగా, పోనుపోను లావుగా ఉంటుంది. ప్రతి 16 మిల్లీమీటర్లకు ఒక మిల్లీమీటరు చొప్పున లావెక్కుతుంది. లోపలికి తిప్పేకొద్దీ కట్టెలో చీల దిగినట్టు లోపల మర ఉన్న ఫీమేల్ ఫిట్టింగు గోడను బయటికి నెడుతుంది. నెట్టేది ఇత్తడి, భరించేది ప్లాస్టిక్ అయితే ఆ రోజు లీకు రాకపోవచ్చు. ఆ బిగువు అలాగే ఉండిపోయి నెలల తర్వాత ఒక గీత పుడుతుంది. అప్పటికి టైల్స్ పని అయిపోయి ఉంటుంది.

అందుకే ప్లాస్టిక్ ఎఫ్‌టీఏని, అంటే లోపల మర ఉన్న అడాప్టర్‌ని, కుళాయిల కోసం కొనకండి. ప్లాస్టిక్ కుళాయికో, ప్లాస్టిక్ డమ్మీకో (పాయింటు మూసే బిరడాకో) అయితే పరవాలేదు. ప్లాస్టిక్ ఎంటీఏ సంగతి వేరు. దాని మర బయట ఉంటుంది కాబట్టి, ఇత్తడి వాల్వులోకి తిప్పితే నొక్కుడు పడుతుందే గానీ చీలదు. చల్లటి నీళ్ల లైనులో ఇది చాలు. వేడినీళ్ల లైనులో వద్దు: వేడికి సీపీవీసీ ఇత్తడి కంటే మూడింతలు సాగుతుంది, చల్లారగానే ముడుచుకుంటుంది. గీజరు రోజూ ఆన్, ఆఫ్ అయ్యే చోట ఆ మర కొన్నాళ్లకు వదులై చెమర్చడం మొదలుపెడుతుంది.

కుళాయి, యాంగిల్ కాక్, మిక్సర్, గీజరు పాయింట్లన్నిటికీ ఇత్తడి మర ఉన్న ఫిట్టింగులే వేయాలి. ముప్పావు అంగుళం లైనుకు ముప్పావు బై అర బ్రాస్ ఎల్బో (ఒక వైపు ముప్పావు పైపు, ఇంకో వైపు అర అంగుళం ఇత్తడి మర ఉన్న వంపు) ఎక్కువగా వాడతారు. ధర మామూలు ఎల్బోకు కొన్ని రెట్లు ఉంటుంది, అయినా పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు. షాపులో రెండు కంపెనీలవి చేతిలోకి తీసుకుని బరువు చూడండి. తేలికగా ఉన్నదాంట్లో ఇత్తడి పల్చన. ప్లాస్టిక్‌లో పొదిగిన ఇత్తడి బుష్ బయటి వైపు పలకలుగానో గరుకుగానో ఉండి ప్లాస్టిక్‌లో పట్టు దొరకాలి. నున్నటి బుష్ పాన బిగువుకు ప్లాస్టిక్‌లోనే తిరిగిపోతుంది. తిరిగిందంటే ఇత్తడికీ ప్లాస్టిక్‌కీ మధ్య నుంచి నీళ్లు కారతాయి, దానికి టేపూ లేదు, మందూ లేదు, ఫిట్టింగు మార్చాల్సిందే. పాత కుళాయి విప్పేటప్పుడు జరిగే నష్టం ఎక్కువగా ఇదే. ఒక కుళాయిని చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి చూస్తే మర శుభ్రంగా కోశారో లేదో కూడా తెలుస్తుంది.

అమెరికా నుంచి షవర్ తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. అక్కడి మర పద్ధతి ఎన్‌పీటీ, మనది బీఎస్‌పీ. రెండిటి అర అంగుళం సైజులోనూ అంగుళానికి 14 మరలే, కానీ మర కోణం 60 డిగ్రీలు, మనది 55. ఎక్కినట్టే ఎక్కి కారుతుంది. దానికి అడాప్టర్ కొనాల్సిందే.

బిగించే పద్ధతి. టెఫ్లాన్ టేపును మర చివరి నుంచి చూస్తే గడియారం తిరిగే వైపు, మొదటి మర వదిలేసి, లాగిపట్టి చుట్టాలి. ప్లాస్టిక్ ఎంటీఏకి మూడు నాలుగు చుట్లు చాలు. ఇత్తడిలో ఇత్తడికి మర వదులును బట్టి ఇంకొన్ని వేయవచ్చు. ప్లాస్టిక్‌ను చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన పానతో ఒకటి, మహా అయితే రెండు చుట్లు. కుళాయి ముక్కు నిటారుగా రాలేదని వెనక్కి తిప్పకూడదు. విప్పి, టేపు తీసేసి, కొత్తది చుట్టి మళ్లీ మొదలుపెట్టాలి. జీఐ (ఇనుప) పైపుల రోజుల అలవాటుతో జనపనార, సఫేదా, ఆయిల్ పెయింట్ పూసేవాళ్లు ఇంకా ఉన్నారు. నూనె ఉన్న పేస్టులు చాలావరకు సీపీవీసీని పెళుసుగా మార్చి పగుళ్లు తెస్తాయి. టేపు తప్ప ఇంకేదీ పెట్టనివ్వకండి. సొల్యూషన్ కూడా మరల మీద పడకుండా చూసుకోవాలి.

ఒక మామూలు బాత్రూంకు లెక్క: వాల్ మిక్సర్‌కు 2, గీజరుకు 2, వాష్ బేసిన్‌కు 2, ఫ్లష్ ట్యాంకుకు 1, హెల్త్ ఫాసెట్‌కు 1, మొత్తం 8 బ్రాస్ ఎల్బోలు. ఒకటి అదనంగా తెచ్చుకోండి. మిక్సర్ పాయింట్ల మధ్య దూరం సెంటర్ నుంచి సెంటర్‌కు 150 మిల్లీమీటర్లు, రెండూ ఒకే మట్టంలో. ఎల్బో మూతి టైలు పైమట్టానికి సమంగానో రెండు మిల్లీమీటర్లు లోపలో ఉండాలి. టైలు మందం, దాని కింద సిమెంటు మందం ముందే మేస్త్రీని అడగకపోతే మూతి లోతుకు పోయి ఎక్స్‌టెన్షన్ నిపుల్ వేయాల్సి వస్తుంది. ఒకటైతే సరే, రెండు గొలుసుగా వేస్తే కుళాయి తిప్పినప్పుడల్లా ఊగుతుంది.

గోడలో పైపు గాడి పూడ్చకముందే టెస్టింగ్ తప్పదు. సొల్యూషన్ జాయింట్లు 24 గంటలు ఆరనిచ్చి, పాయింట్లన్నిటికీ డమ్మీలు బిగించి, లైనులో గాలి పూర్తిగా పోయేదాకా నీళ్లు నింపి, చేతి పంపుతో 10 కేజీలు ఎక్కించి గంటసేపు గేజు ముల్లు పడిపోకుండా ఉందేమో చూడాలి. కంప్రెసర్ గాలితో టెస్ట్ చేస్తామంటే ఒప్పుకోకండి, ప్లాస్టిక్ పగిలితే ముక్కలు ఎగురుతాయి. చవక డమ్మీలతో ఇంకో తంటా: తల విరిగి మిగతా ముక్క మరలోనే ఇరుక్కుంటుంది. పొడుగు డమ్మీలు కొంటే చేత్తోనే విప్పుకోవచ్చు.

తెల్లటి యూపీవీసీ పైపు చల్లటి నీళ్లకే. దాని సొల్యూషన్ వేరు, సీపీవీసీది వేరు, ఒకదాని డబ్బా ఇంకోదానికి పనికిరాదు. షెడ్యూల్ 40 (షెడ్యూల్ నంబరు పెరిగేకొద్దీ గోడ మందం) తెల్ల పైపుకు జీఐ పైపుల మర కోసే డై పెట్టి మర కోస్తానంటే ఆపండి, గోడ మందం సగం పోతుంది. షెడ్యూల్ 80 పైపైనా మర కోశాక తట్టుకునే ఒత్తిడి సగానికి పడిపోతుంది. ట్యాంకు గోడలోంచి పైపు తీసే ట్యాంకు నిపుల్‌కు రబ్బరు వాషర్ లోపలి వైపు వేసి, చెక్ నట్టు చేత్తో బిగించి పానతో పావు చుట్టు తిప్పితే చాలు. డాబా మీద ఎండ తగిలే ముక్కలకు నీళ్ల పెయింట్ వేయండి.