బ్రైటన్‌లో క్లయింట్‌ని కలవాలంటే కాఫీ షాపా, పబ్బా?

మొదటిసారి కలుస్తుంటే నా ఓటు నార్త్ లేన్ అనే షాపుల పేటలోని కాఫీ షాపుకే. లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి రైల్లో సుమారు గంట, బ్రైటన్ స్టేషన్‌లో దిగి కొంచెం నడిస్తే చాలు, సూటూ టైయీ అక్కర్లేదు కానీ చెప్పిన టైముకి ఉండాలి, రెండు నిమిషాలు వాతావరణం గురించి మాట్లాడాకే పని విషయం ఎత్తాలి.

పబ్ అయితే పరిచయం కుదిరాక. అక్కడ మామూలుగా టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, మనమే కౌంటర్ దగ్గరికెళ్లి తెచ్చుకోవాలి, పైగా ఒకరు అందరికీ కొంటే తర్వాతి రౌండ్ ఇంకొకరిది, మందు తాగకపోయినా పర్లేదు, లైమ్ సోడా పట్టుకుని కూర్చోవచ్చు, కానీ మన వంతు రాగానే లేచి "ఏం తీసుకుంటారు?" అని అడగాలి. ఆ ఒక్క మాటతో ఎంత దగ్గరవుతారో! రేట్ల బేరం మాత్రం మర్నాడు మెయిల్లో పెట్టుకోండి.