ఉపాధి పనా, ఖాతాలో నగదా: కూలీకి ఏది మేలు?

"ఎండలో మట్టి తవ్వించే బదులు ఆ డబ్బేదో నేరుగా ఖాతాలో వేసేస్తే పోదా?" ఉపాధి హామీ మీద ఏం రాసినా ఈ ప్రశ్న వస్తూనే ఉంది. అడగదగ్గ ప్రశ్నే. నగదుకు మస్టర్ (పని హాజరు పట్టీ) అక్కర్లేదు, రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో దిగక్కర్లేదు, తవ్విన పని కొలతల్లో కూలికి కోత పడుతుందన్న టెన్షన్ లేదు. ముసలివాళ్లకు, వికలాంగులకు, ఒంటరి మహిళలకు పింఛనుగా నగదే ఇవ్వాలి. అందులో రెండో మాట లేదు.

సెంటు భూమి లేని కూలీ సంగతి వేరు. మన దగ్గర పెద్ద నగదు పథకాలు కొన్ని భూమి ఉన్నవాళ్ల వైపే నడిచాయి. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు కింద ఎకరాకు సీజనుకు 4,000, తర్వాత 5,000 రూపాయలు ఇచ్చారు. అదీ పాసుపుస్తకం ఉన్నవాళ్లకే. ఎకరాలు ఎక్కువుంటే సాయమూ ఎక్కువే. కౌలుదారుకు రాలేదు, కూలీకి అసలే లేదు. 2025 జనవరిలో భూమిలేని కూలీల కోసం ఇందిరమ్మ ఆత్మీయ భరోసా తెచ్చి ఏడాదికి 12,000 ఇస్తామన్నప్పుడు కూడా, ఉపాధి పనికి కనీసం 20 రోజులు వెళ్లారా అన్నదే చూశారు. అంటే కూలీ ఎవరో తేల్చడానికి నగదు పథకానికీ ఆ మస్టరే దిక్కయింది.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది బేరం, అంటే కూలి రేటు ఇంత కావాలని అడగగలిగే బలం. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకం ఇంటికి 100 రోజుల పని, ఆడా మగా ఒకే కూలి అంది. కలుపుకు వెళ్లే ఆడకూలీకి మగవాళ్లకన్నా తక్కువ ఇవ్వడం ఊళ్లలో అలవాటు. "కరువు పనికి (ఉపాధి పనికి) పోతే ఇంతొస్తది, నువ్వెంతిస్తావు?" అని ఆమె రైతును అడగగలిగిందంటే వెనక ఇంకో పని ఉందన్న ధైర్యమే. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఖాతాలో పడే డబ్బుతో ఆ ధైర్యం రాదు. ఉమ్మడి రాష్ట్రంలో స్మార్ట్‌కార్డులతో ఉపాధి కూలి చెల్లింపులు బాగుపడిన మండలాలను కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. పేద ఇళ్ల ఆదాయం పెరిగింది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ఉపాధి కూలి కాదు, బయటి పనుల్లో వచ్చిన కూలి.

నాట్ల రోజుల్లో కూలి పెరిగితే చిన్న రైతుకు గిట్టదన్న బాధా నిజమే. దానికి జవాబు పంట ధరలో వెతకాలి, కూలీ నోరు నొక్కి కాదు. చౌక బియ్యం, నైపుణ్య శిక్షణ చాలనేవాళ్లూ ఉన్నారు. బియ్యం ఎలాగూ ఇవ్వాల్సిందే. శిక్షణ యాభై దాటిన కూలీకి పెద్దగా అక్కరకు రాదు.

ఉపాధి పనికి పట్టిన రోగం డబ్బు ఆలస్యం. 2025-26లో రెండు రాష్ట్రాల్లోనూ రోజుకూలి 307 రూపాయలు. 15 రోజుల్లో పడాల్సింది నెలలు పడితే, ఆ కూలీ మళ్లీ ఆసామి ఇంటికే అప్పుకు వెళ్తుంది. ఇక బేరమెక్కడ?

ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం పని రోజుల్ని 125 చేసింది. కానీ విత్తే, కోసే కాలంలో మొత్తం 60 రోజులు పనులు ఆపాలని కూడా అంది. కూలీకి గిరాకీ ఉండేది, నాలుగు డబ్బులు ఎక్కువ అడగగలిగేది ఆ రోజుల్లోనే. ఆ నిబంధన తీసేయాలి, కూలి గడువులోగా వేయాలి. ఈ రెండూ జరక్కపోతే, నగదే నయమనేవాళ్లతో వాదించడం నాకూ కష్టమే.