వెన్నునీటిలో జేఈ ఐజీఎం పరీక్ష: ఏళ్ల తరబడి చేశాక నాకు అనిపించింది

జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (జేఈ, దోమల ద్వారా వచ్చే వైరల్ మెదడువాపు) కోసం చేసే ఐజీఎం ఎలైసా గురించి ల్యాబ్ వాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు. ఐజీఎం అంటే వైరస్ సోకాక శరీరం ముందుగా తయారుచేసే యాంటీబాడీ, ఎలైసా అంటే దాన్ని రంగు మార్పుతో పట్టే పరీక్ష. కిట్, ప్లేటు, వాషింగులు అందరికీ తెలిసినవే. విశాఖలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చాలా ఏళ్లుగా ఈ పరీక్ష చేస్తున్నాను. దీని మీద నాకున్న ఇష్టమంతా ఒక్క కారణం వల్లే. రక్తం తేల్చలేని విషయాన్ని వెన్నునీరు (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) తేలుస్తుంది.

రక్తంలో ఐజీఎం కనిపించిందంటే దానికి చాలా అర్థాలుంటాయి. బిడ్డకు ఈ మధ్యే టీకా వేసి ఉండొచ్చు. ఈ వైరస్ సోకినవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు కాబట్టి, అలా సోకిన బిడ్డకే వేరే కారణంతో ఫిట్స్ వచ్చి ఉండొచ్చు. వెన్నునీటి సంగతి వేరు. ఐజీఎం చాలా పెద్ద అణువు, రక్తంలోంచి మెదడు వైపు తేలిగ్గా దాటలేదు. అక్కడ దొరికిందంటే అక్కడే తయారైందని లెక్క.

ఆ నమ్మకానికి ఒకసారి గట్టి పరీక్షే ఎదురైంది. వర్షాకాలంలో ఏజెన్సీ నుంచి ఒక పాపను తెచ్చారు. జ్వరం, ఫిట్స్, పిలిస్తే పలకడం లేదు. వెన్నులోంచి నీరు తీస్తే కాళ్లు పడిపోతాయని వాళ్ల నాయనమ్మ చాలాసేపు ఒప్పుకోలేదు. తీరా ఒప్పుకున్నాక, సూది ఏదో చిన్న రక్తనాళానికి తగిలి నీరు గులాబీ రంగులో వచ్చింది. డ్యూటీ డాక్టరుగారు ట్యూబు పట్టుకుని తనే ల్యాబ్‌కి వచ్చారు.

"ఇది పనికొస్తుందా మేడమ్? రక్తం కలిసింది. అందులోని యాంటీబాడీలే పాజిటివ్ చూపిస్తాయేమో."

ఆయన అనుమానం సరైనదే. యాంటీబాడీ రక్తంలోంచి కలిసిందా, వెన్నునీటిలోదేనా అన్న తేడా కిట్‌కి తెలియదు. మళ్లీ సూది వేస్తామని ఆ పెద్దావిడను అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

"పాప రక్తం కూడా పంపించండి సార్, రెండూ ఒకే ప్లేటులో పక్కపక్కన పెడతాను" అన్నాను.

వెన్నునీటిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కణాలు అడుగుకు దిగాక పైనున్న తేట తీసుకున్నాను. చివర్లో యాంటీబాడీ ఉంటే నీలంగా మారే టీఎంబీ ద్రావణం పోసి చీకట్లో ఉంచి బయటికి తీస్తే, వెన్నునీటి వెల్స్ (ప్లేటులోని గుంటలు) ముదురు నీలంగా ఉన్నాయి. సీరమ్ (రక్తంలోని తేట) వెల్స్ దాదాపు నెగటివ్ కంట్రోల్ (యాంటీబాడీ లేదని ముందే తెలిసిన నమూనా) లాగే వెలవెలబోయాయి. యాసిడ్ పోశాక 450 నానోమీటర్ల దగ్గర రంగును కొలిచే రీడర్ కూడా అదే చెప్పింది. రక్తంలోనే లేనిది రక్తం ద్వారా వెన్నునీటిలోకి ఎలా వస్తుంది? అంటే ఆ ఐజీఎం మెదడు దగ్గర పుట్టిందే. ఇన్నేళ్లలో నాకు అంత సంతోషమిచ్చిన ప్లేటు ఇంకోటి లేదు.

జేఈకి ప్రత్యేకంగా మందు లేదు. ఫిట్స్ ఆపడం, ఊపిరి చూసుకోవడం, మెదడు వాపు తగ్గించడం, అంతే. అయినా ఆ రిపోర్టుతో ఊరి పేరు మలేరియా విభాగానికి వెళ్లింది, టీకా పడని పిల్లలెవరో చూడటానికి మనుషులు కదిలారు. పాప నడుచుకుంటూనే ఇంటికెళ్లింది. మాట మాత్రం ఇంకా తడబడేది.

అయితే "అక్కడే తయారైంది" అని పైన అన్నాను కదా, అది తయారవడానికి కొన్ని రోజులు కావాలి. జ్వరం మొదలైన తొలి మూడు నాలుగు రోజుల్లో తీసిన నీటిలో దొరక్కపోవచ్చు. వారం దాటితే దాదాపు అందరిలోనూ కనిపిస్తుంది. మాకొచ్చే ఫారాల్లో ఆసుపత్రిలో చేర్చిన తేదీ ఉంటుంది, జ్వరం మొదలైన తేదీ గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఒక్క గడి లేకపోతే నెగటివ్‌ని ఎలా అర్థం చేసుకోవాలి? దీని మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

నిజమైన నెగటివ్‌కి కూడా విలువుంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోతే, కారణం చాందీపురా వైరస్ అని తేలింది. దాన్ని మోసేది శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ. స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే బ్యాక్టీరియా జ్వరం) కూడా ఇలాగే ఫిట్స్‌తో రావచ్చు, దానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పనిచేస్తుంది. జేఈ కాదని తేలితే డాక్టర్లు వెంటనే అటు చూడాలి.

డెంగీ సీజన్లో అదే శాంపిల్‌కి డెంగీ ఐజీఎం కూడా చేయకుండా నేను రిపోర్టు ఇవ్వను. రెండూ ఒకే కుటుంబం వైరస్‌లు, వాటి యాంటీబాడీలు ఒకదాన్నొకటి పోలి తికమక పెడతాయి. ఇక ఒక్క శాంపిల్ వచ్చినా కంట్రోల్స్ అన్నీ పెట్టాలి కాబట్టి చాలా చోట్ల నాలుగు శాంపిల్స్ చేరేదాకా ఆగుతారు. ఈలోపు బిడ్డ డిశ్చార్జి అయిపోతుంది.

నాకు ఇది బాగా కలిసొచ్చింది. మాకు జనరేటర్ ఉంది, పిల్లల వార్డు కింది అంతస్తులోనే ఉంది, రక్తం కావాలంటే కాసేపట్లో వస్తుంది. పాడేరు నుంచో పార్వతీపురం నుంచో ఐస్ పెట్టెలో శాంపిల్ పంపే వాళ్లకు ఇంతే బాగుంటుందని చెప్పలేను. వాళ్లయితే వెన్నునీటితో పాటు రక్తం ట్యూబు కూడా పెట్టి, జ్వరం ఏ రోజు మొదలైందో ఇంటివాళ్లని అడిగి రాసి పంపిస్తే మాకు చాలా సాయం.