చిలకమ్మ ఎదురు జవాబులు: తరగతి గదిలో ఒక హాస్య గేయాల పుస్తకం

పాత పిల్లల పాటలను నవ్వు పుట్టించేలా తిరగరాసిన ఈ చిన్న పుస్తకాన్ని అల్లూరు మండలంలోని మా ప్రాథమిక పాఠశాలలో నిరుటి నుంచి వాడుతున్నాను. పాట నడకను ఎక్కడా చెడగొట్టకపోవడం ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది. దరువు తప్పితే, మాట మారిన సంగతి రెండో తరగతి పిల్లలకు అందదు. అందకపోతే నవ్వు రాదు.

‘చిట్టి చిలకమ్మా’ అసలు పాటలో ఉన్నవన్నీ ప్రశ్నలే. చిలకమ్మకు నోరు విప్పే వీలే లేదు. ఇక్కడ అది ప్రతి ప్రశ్నకూ ఎదురు జవాబు చెబుతుంది. పిల్లలు విని నవ్వి ఊరుకోలేదు, తమ జవాబులు తామే కట్టసాగారు. ‘తోటకెళ్ళావా?’ అని నేను అడగగానే, తండ్రి సముద్రం మీద వేటకు వెళ్లే ఒక అబ్బాయి ‘రేవుకెళ్ళానూ’ అన్నాడు. ‘పండు తెచ్చావా?’ అంటే ‘రొయ్య తెచ్చానూ’ అని మరొకరు అందుకున్నారు. ‘గూట్లో పెట్టావా?’ అన్న దగ్గర ఒకడు ‘ఐసుపెట్టెలో పెట్టాను’ అనేసరికి, పక్కనున్న అమ్మాయి పలక మీద వేలితో తాళం వేసి చూసి, అది పాటలో పట్టదని చెప్పి, ‘ఐసులో పెట్టానూ’ అని కుదించింది. ఛందస్సు పేరైనా వినని వయసులో మాత్రల లెక్కను చెవితో పట్టుకోవడం నన్ను ఎంతగానో సంతోషపెట్టింది.

ఇదే పుస్తకంలోని ఇంగ్లిషు పాటల విషయంలో ఇంత గట్టిగా చెప్పలేను. హంప్టీ డంప్టీ పాటలో గుడ్డు అన్న మాటే లేదు. కానీ ఇంగ్లిషు రచయిత ల్యూయిస్ కారల్ 1871లో ప్రచురించిన కథలో అతను గుడ్డులాగే ఉంటాడు. పుస్తకం ఈ చిక్కును ఆధారం చేసుకుని చక్కగా మొదలై, చివరికి లావుగా ఉన్నందుకే పడ్డాడని తేల్చేస్తుంది. ఆ పాదం మా తరగతిలో ఒక పిల్లవాడికి ఎగతాళి పేరై కూర్చుంది. వాడు ముందుకొచ్చి పాడటమే మానేశాడు. నడక బాగుందని పొగిడాను కానీ, ఆ వెక్కిరింత పిల్లల నోట అంత తేలిగ్గా నిలిచిపోవడానికీ ఆ నడకే కారణం. ఆ పుటపై కాగితం అంటించేశాను.

మా బడిలో పిల్లలు తక్కువ, పైగా చిలకమ్మ పాటను ఇంటి దగ్గరే నేర్చుకుని వస్తారు. నలభై మంది ఉన్న గదిలో ఈ జవాబుల ఆట ఇలాగే సాగుతుందని చెప్పలేను. ఒకటో తరగతికి మాత్రం, అసలు పాట నోటికి వచ్చాకే ఈ పుస్తకం తెరుస్తాను.