మెగాఫోన్ పట్టినోడే పైసల సంచీ పట్టాలా?

హన్మకొండలో సినిమా పిచ్చి ఉన్న తమ్ముళ్లు కలిసినప్పుడల్లా అడిగేది ఒకటే: "అన్నా, ఏ కెమెరా మంచిగుంటది?" కెమెరాదేముంది, కిరాయికి దొరుకుతుంది. పైసలు ఎవరివి, ఖర్చుపెట్టే చెయ్యి ఎవరిది అని ఒక్కడూ అడగడు. తానే నిర్మాత కావడం, ఇంట్లో ఒకరిని నిర్మాతగా కూర్చోబెట్టడం, హైదరాబాద్ పోయి బయటి నిర్మాతను పట్టుకోవడం. మనలాంటోళ్లకు ఉన్నవి ఈ మూడు దారులే. యూట్యూబ్ కథ వేరు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' వాళ్లు సాధించింది చిన్నదేం కాదు, కానీ అది థియేటర్ లెక్క కాదు.

మొదటి దారిలో నేను నడిచి చూశాను. పరకాల పక్కన ఒక ఊళ్లో 14 రోజుల షెడ్యూల్. 9వ రోజు సాయంత్రం చెరువు కట్ట మీద తల్లీకొడుకుల సీను. పొద్దు వాలుతోంది. మూడు టేకులయ్యాయి, నటి ఇంకా పాత్రలోకి రాలేదు. రేపు మళ్లీ తీద్దామని నాలోని డైరెక్టర్ అంటున్నాడు. నాలోని నిర్మాత మాత్రం యూనిట్ బత్తాలు (రోజువారీ ఖర్చుల పైసలు), వ్యాన్ కిరాయి, ముప్పై మంది భోజనాలు లెక్కేస్తున్నాడు. నిర్మాతే గెలిచాడు. "ఓకే, ప్యాకప్" అన్నాను. ఎడిటింగ్‌లో ఆ సీను వచ్చినప్పుడల్లా చాయ్ వంకతో బయటికి పోయేవాణ్ణి. ఇంకోచోట సరిగ్గా ఉల్టా జరిగింది. జాతర సీను ఘనంగా ఉండాలని ఆశపడ్డాను, వద్దనేవాడు లేడు. డబ్బింగ్‌కు దాచిన పైసలు రెండు రాత్రుల్లో ఊదేశాను. తర్వాత చిట్టీ పాడుకుని డబ్బింగ్ చెప్పించాల్సి వచ్చింది.

పైసలొక్కటే కూడా కాదు. ఫిల్మ్ ఛాంబర్లో టైటిల్ రిజిస్ట్రేషన్, సెన్సార్ దరఖాస్తు, వరంగల్ కోటలో ఒక్క షాట్ తీయాలన్నా కేంద్ర పురావస్తు శాఖ అనుమతి, ఫ్రేములో మేకపిల్ల కనపడితే జంతు సంక్షేమ బోర్డు కాయితం. పొద్దంతా వీటి వెంట తిరిగినోడు రాత్రి షాట్ డివిజన్, అంటే సీనును ఏయే షాట్లుగా తీయాలో, ఏం రాస్తాడు?

అయినా సొంత నిర్మాణానికి ఒక పెద్ద లాభం ఉంది. 1957 కాపీరైట్ చట్టం లెక్కన సినిమాకు కర్త నిర్మాతే, డైరెక్టర్ కాదు. విడుదలయ్యాక 60 ఏళ్ల దాకా ఆ హక్కు నిలుస్తుంది. ఓటీటీకి అమ్మినా, రేపు ఇంకో భాషలో ఎవరన్నా తీస్తామన్నా సంతకం నిర్మాతది. బయటివాళ్ల దగ్గర తీస్తే అగ్రిమెంట్‌లో రాయించుకున్నంత వరకే మనది.

మరి బయటి నిర్మాత వద్దా? 2023లో వచ్చిన 'బలగం' చూడండి. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన వేణు ఎల్దండి, చావింటి కథను దిల్ రాజు సంస్థలో తీశాడు. నైజాం, అంటే తెలంగాణ ఏరియా, డిస్ట్రిబ్యూషన్ చేతిలో ఉన్న సంస్థ అది, థియేటర్ల కోసం తిరిగే బాధ లేదు. మనబోటి చిన్న సినిమా అయితే థియేటర్ వారం అద్దె మనమే కట్టుకోవాలి, తెర మీద బొమ్మ వేసే డిజిటల్ ఛార్జీలు అదనం. కాకపోతే వేణు ఆ కుర్చీ దాకా రావడానికి ఏళ్ల తరబడి కామెడీ వేషాలు వేశాడు. హైదరాబాద్‌లో సినిమావాళ్లుండే కృష్ణానగర్ గదిలో అన్నేళ్లు ఉండే ఓపిక ఉంటే ఆ దారి తప్పేం కాదు. నాకైతే లేదు.

నా ఓటు రెండో దారికి, ఇంట్లో ఒకరిని నిర్మాతగా కూర్చోబెట్టడానికి. మన వరంగల్‌వాడే సందీప్ రెడ్డి వంగా 2017లో 'అర్జున్ రెడ్డి' తీసినప్పుడు నిర్మాత అన్న ప్రణయ్ రెడ్డి, బ్యానర్ భద్రకాళి పిక్చర్స్. ఆ సినిమా మీద ఎవరి అభ్యంతరాలు వారికి ఉండనీ, తీసే చెయ్యి, లెక్క రాసే చెయ్యి వేరువేరుగా ఉన్నాయి. అంతకుముందు డైరెక్టర్ బి. నర్సింగరావు సంగతీ ఉంది. 1979 నాటి 'మా భూమి'కి ఆయన నిర్మాతల్లో ఒకరు, దర్శకత్వం గౌతమ్ ఘోష్‌ది. ముందు సంచీ వైపు కూర్చున్న మనిషే తర్వాత 'రంగుల కల', 'దాసి' తీశాడు.

ఇంట్లోవాళ్లతో తిప్పలు లేవని కాదు. సినిమా మునిగితే దసరాకు అదే ఇంట్లో, అదే వరసలో కూర్చుని తినాలి. అందుకే కాయితం రాసుకోవాలి, బ్యాంకు ఖాతా విడిగా ఉండాలి, భూమి కాయితాల జోలికి అస్సలు పోవద్దు. ఇంకోటి, "వద్దు" అనే ధైర్యం ఉన్న మనిషే కావాలి. బావమరిది పనికిరాడు, మొహమాటంతో అన్నిటికీ తలూపుతాడు.

నా రెండో సినిమాకు నిర్మాత మా అక్క. కిరాణా కొట్టు నడుపుతుంది, పావలా తేడా వచ్చినా పట్టేస్తుంది. ఈసారీ నేను జాతర సీను రాశాను. మొన్న స్క్రిప్టు చదివి, "ఇంతమందెందుకురా? పది మంది డప్పులోళ్లు సాలరా?" అన్నది. రెండు రోజులు అలిగాను. ఇప్పుడు పది డప్పులతో, చీకట్లో, మనుషులు కనపడకుండా జాతర ఎట్లా వినిపిస్తుందో రాసుకుంటున్నాను.